సాగరం నుండి సాగరానికి: థామస్ స్టీవెన్స్ సైకిలు యాత్ర

సైకిలు తొక్కడం చేతనైన ప్రతి పిల్లవాడూ ఎప్పుడో ఒకనాడు తన ఊరి రోడ్డు ఎంతవరకు పోతుందో అంతవరకు పోయి చూడాలని ఉబలాటపడతాడు. పది మైళ్లు పోయేసరికి ఆకలి వేస్తుంది. ఇల్లు జ్ఞాపకం వస్తుంది. చక్రం వెనకకు మళ్లుతుంది. అట్లా వెనకకు మళ్లని వాడు ఒకడు పందొమ్మిదవ శతాబ్దంలో ఉండేవాడు. అతడు పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డున సైకిలెక్కి అట్లాంటిక్ ఒడ్డున దిగాడు. అంతకు పూర్వం ఆ పని చేసినవారు లేరు. అతని పేరు థామస్ స్టీవెన్స్. విచిత్రమేమంటే, సైకిలు మీద ఖండాన్ని దాటిన మొదటి మనిషిగా చరిత్రకెక్కిన ఇతడు ఆ దూరంలో మూడవవంతుకు పైగా సైకిలును నెట్టుకొంటూ కాలినడకనే పోయాడు. ఆ సంగతి తెలిసిన తరువాత అతని యాత్ర చిన్నదిగా తోస్తుందో, పెద్దదిగా తోస్తుందో పాఠకులే నిర్ణయించుకోవలసి ఉంటుంది.

స్టీవెన్స్ 1854 డిసెంబరు 24వ తేదీన ఇంగ్లండులోని బెర్కమ్‌స్టెడ్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. కలిగిన కుటుంబం కాదు. ఆనాడు బ్రిటనులో బ్రతుకుతెరువు చాలక అమెరికాకు ఓడ ఎక్కిన లక్షలాది జనంలో ఇతడూ ఒకడు. 1871లో, పదిహేడేండ్లు నిండకమునుపే, వలస పోయాడు. పశ్చిమాన వయోమింగులో రైలు కంపెనీకి చెందిన ఒక కర్మాగారంలో కొన్నాళ్లు పనిచేశాడు. పిమ్మట కొలరాడోలో గనిపనికి కుదిరాడు. చేతులతో కష్టపడి కూలి సంపాదించుకొనే యువకుడు. విద్యాపీఠాల ముఖం చూడలేదు. వెనుక పోషకులెవరూ లేరు. ఖండాన్ని సైకిలు మీద దాటితే ఎట్లా ఉంటుందన్న ఆలోచన గనిలో పనిచేసే ఆ రోజులలోనే అతనికి పుట్టింది. అప్పటికి అతనికి సైకిలు తొక్కడమే రాదు! ఆలోచన ముందు వచ్చింది, విద్య తరువాత వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి పోయి, ఒక కొలంబియా సైకిలు కొని, అక్కడ తొక్కడం నేర్చుకొన్నాడు.

ఆ సైకిలును గురించి కొంత చెప్పవలసి ఉన్నది. మనకు పరిచయమైన సైకిలు, అనగా రెండు సమానమైన చక్రాలు, నడుమ గొలుసు, గాలి నింపిన టైర్లు గల యంత్రం, అప్పటికింకా వాడుకలోకి రాలేదు. స్టీవెన్స్ వాహనానికి ముందుచక్రం 50 అంగుళాల ఎత్తు. వెనుక చక్రం దానిలో సగం కూడా లేదు. ఆనాటి ఇంగ్లండులో పెన్నీ అనే పెద్దనాణెం, ఫార్దింగు అనే చిన్ననాణెం ప్రక్కప్రక్కన పెట్టినట్లున్నదని జనం దీనికి పెన్నీఫార్దింగు అని పేరు పెట్టారు. తొక్కుడు మెట్లు రెండూ ముందుచక్రపు ఇరుసుకే బిగించి ఉండేవి. గొలుసు లేదు కనుక, కాళ్లు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒకే చుట్టు తిరుగుతుంది. బండి సుమారు పదమూడు అడుగులు ముందుకు పోతుంది. మైలు సాగాలంటే నాలుగువందల మార్లు కాళ్లు ఆడించాలి. చక్రం ఎంత పెద్దదైతే వేగం అంత ఎక్కువ. అందుకే రౌతు కాళ్ల పొడవు ఎంత అనుమతిస్తే అంత పెద్ద చక్రాన్ని చేసేవారు.

ఎక్కి కూర్చున్నవాడి తల గుఱ్ఱపు రౌతు తలంత ఎత్తున ఉంటుంది. ఆ ఎత్తులో ఉండగా ముందుచక్రానికి ఒక రాయి అడ్డు తగిలితే, చక్రం ఆగిపోతుంది, మనిషి ఆగడు. తలక్రిందులుగా హాండిలు మీదినుండి నేలమీద పడతాడు. పల్లంలో దిగేటప్పుడు మెట్లమీద ఉంచిన కాళ్లకు విశ్రాంతి ఇద్దామన్నా వీలులేదు. చక్రంతోపాటు మెట్లూ తిరుగుతూనే ఉంటాయి. టైర్లు గట్టి రబ్బరువి. గాలి టైర్లను డన్‌లప్ తయారుచేసింది 1888లో. నున్నని నగరవీధులలో వినోదానికి తొక్కే బండి అది. దానితో కొండలు, ఎడారులు దాటాలన్నది స్టీవెన్స్ సంకల్పం.

1884 ఏప్రిల్ 22వ తేదీ ఉదయం ఎనిమిది గంటలకు అతడు శాన్‌ఫ్రాన్సిస్కో నుండి బయలుదేరాడు. సామానంతా హాండిలుకు కట్టిన చిన్న సంచిలో ఇమిడిపోయింది. మేజోళ్లు, మారుచొక్కా ఒకటి, ఒక వానకోటు, ఒక చిన్న పిస్తోలు. ఆ వానకోటే రాత్రివేళ గుడారం, అదే పరుపు. ఇంతకు మించిన పరికరాలు సమకూర్చుకొనే స్తోమతు అతనికి లేదు. ఉన్నా మోయడానికి ఆ బండి మీద చోటు లేదు. వీడ్కోలు పలికిన జనసమూహాలు, బాజాలు లేవు.

పటంలో కాలిఫోర్నియానుండి తూర్పుగా ఒక గీత గీస్తే మొదట అడ్డం వచ్చేవి సియెరా నెవాడా పర్వతాలు. శాక్రమెంటో దాటి అతడు ఆ కొండలెక్కసాగాడు. ఏప్రిల్ నెల, మన దేశంలో ఎండలు మండే వేళ. అక్కడ మాత్రం కనుమలలో శీతకాలపు మంచు కరగలేదు. బండిదారి యావత్తు మంచు క్రింద కప్పబడిపోయింది. మిగిలిన మార్గం ఒక్కటే: రైలుదారి. మంచు పట్టాలమీద పేరుకొనకుండా కాపాడేందుకు రైలు కంపెనీవారు ఆ కనుమల వెంట మైళ్లకొలది పొడవున కొయ్యతో కప్పులు కట్టించారు. అవి ఒక విధమైన కొయ్య సొరంగాలు. లోపల చీకటి, రైలుబండ్లు వదలిన పొగ బయటికి పోయే దారిలేక అక్కడే సుళ్లు తిరుగుతూ ఉంటుంది. ఏడువేల అడుగుల ఎత్తున ఆ చీకటిలో స్లీపర్లపై బండిని ఎత్తివేస్తూ, రైలు చప్పుడు వినబడినప్పుడల్లా గోడకు అంటుకొని నిలబడుతూ స్టీవెన్స్ కనుమ దాటాడు. సైకిలు యాత్రలో తొలి ఘట్టం ఈ విధంగా గడిచింది.

ఆ రైలుదారిని గురించి ఒక మాట చెప్పుకోవడం అవసరం. కాలిఫోర్నియానుండి వచ్చే దారి, తూర్పునుండి వచ్చే దారి 1869 మే 10వ తేదీన యూటాలోని ప్రొమాంటరీ వద్ద కలిశాయి. సియెరా కొండలను తొలిచి పట్టాలు వేసినవారు ప్రధానంగా చైనా దేశపు కూలీలు. స్టీవెన్స్ బయలుదేరేనాటికి ఆ పని పూర్తయి పదిహేనేండ్లు మాత్రమే అయింది. పశ్చిమ అమెరికాలో రోడ్డు అని పిలువదగినది అంతకుమించి లేదు. పూర్వం వలసబండ్లు పోయిన పాతదారి జాడలు అక్కడక్కడ ఉండేవి. అవి కనిపించినంతవరకు వాటి వెంట, లేకుంటే రైలుకట్ట వెంట అతడు సాగాడు. దారి పొడవునా పట్టాలను కనిపెట్టి ఉండే కూలీల బసలే అతని సత్రాలు. ఆకలి వేసినప్పుడు అన్నం దొరికినది అక్కడ, రాత్రి తల దాచుకొన్నది అక్కడ. ఒంటరి సాహసమని లోకం కీర్తించిన ఈ యాత్రను కడతేర్చినవారిలో ఆ పేరులేని కూలీల వాటా తక్కువది కాదు.

రైలుకట్ట మీద ప్రయాణంలో ఒక గండం ఉన్నది. లోయలమీద కట్టిన కొయ్యవంతెనలకు ప్రక్కన నడిచే చోటు ఉండదు. ఒకసారి స్టీవెన్స్ అట్టి వంతెన నడిమికి చేరేసరికి ఎదురుగా రైలు వచ్చింది. వెనకకు పరుగెత్తే వ్యవధి లేదు. బయటికి పొడుచుకొని వచ్చిన ఒక దూలపు కొనమీద అతడు కూర్చొని, ఒక చేత్తో పట్టు చిక్కించుకొని, రెండవ చేత్తో సైకిలును లోయలోనికి వ్రేలాడదీసి పట్టుకొన్నాడు. పెట్టెలన్నీ ఒకదాని వెంట ఒకటి దాటిపోయేవరకు అట్లాగే ఉండవలసి వచ్చింది. ప్రాణం దక్కాలంటే సైకిలును వదలివేయడం సులువైన మార్గం. ఆ ఆలోచన అతనికి వచ్చినట్లు కనబడదు.

నెవాడాలో నేల అంతా ఉప్పుపఱ్ఱ, ఇసుక. హంబోల్టు నది వెంట దారి. ఇసుకలో సన్నని రబ్బరు చక్రం దిగబడుతుంది. కనుక దిగి నెట్టడమే. నేల గట్టిగా ఉన్నచోట మళ్లీ ఎక్కడం. ఈ ఎక్కుడుదిగుళ్ల శ్రమ ఎట్టిదో అంత ఎత్తు బండిని మనసులో ఊహించుకొంటేగాని తెలియదు. పయూట్ తెగవారు, మరికొందరు ఆదివాసులు ఆ చక్రాన్ని చూచి అచ్చెరువు పొందారు. తమ నేలమీద గుఱ్ఱపుబండ్లు వచ్చాయి, పొగబండ్లు వచ్చాయి. ఇప్పుడు ఒక తెల్లవాడు పెద్ద చక్రం మీద కూర్చొని ఒంటరిగా వస్తున్నాడు. నిర్జనప్రదేశంలో ఒకమారు కొండసింహం అతని వెంట పడింది. పిస్తోలు పేల్చి దానిని తరిమివేశాడు. ఇటువంటి కథలు పిల్లలకు ప్రీతికరమైనవే. కాని ఆ యాత్రలో నిజమైన శత్రువులు మృగాలు కావు. ఇసుక, బురద, ఎదురుగాలి, దాహం. వీటిని పిస్తోలుతో తరమడం సాధ్యం కాదు.

యూటాలో ఉప్పుసరస్సు ఉత్తరపుటొడ్డు చుట్టివచ్చి, పచ్చని పొలాలు గల మోర్మనుల పల్లెలు చూచి, వయోమింగు ప్రవేశించాడు. కూలిపని చేసిన ప్రాంతాన్నే ఇప్పుడు యాత్రికుడుగా దాటుతున్నాడు. లారమీనుండి షయెన్‌కు పోయేచోట కొండదారి సముద్రమట్టానికి ఎనిమిదివేల అడుగులకు పైన ఉంటుంది. అంతకు మించిన ఎత్తు అతని దారిలో మరి లేదు. అక్కడినుండి నేల తూర్పుకు వాలుతూ నెబ్రాస్కా మైదానాలలోకి దిగుతుంది. ప్లాటు నది వెంట సాగి, ఒమాహా వద్ద మిస్సోరీ నదిని దాటాడు. ఇక అన్నీ పల్లెలు, పంటపొలాలు, మనుష్యులు. కష్టాలు తీరినట్లేనని తోస్తుంది. కాని అయోవా నల్లరేగడి నేల. వాన కురిస్తే మన గుంటూరు, కర్నూలు చేలగట్ల మీద నడిచినవారికి తెలిసినట్టి బురద. వానల మూలాన, ఇతర కారణాల వల్ల మొత్తం యాత్రలో ఇరవై దినాలు ఆగిపోవలసి వచ్చింది.

షికాగో దాటిన తరువాత రోడ్లు మెరుగయ్యాయి. ఈరీ సరస్సు తీరాన బఫలో వరకు, అక్కడినుండి ఈరీ కాలువ గట్టు వెంట సాగాడు. ఆ కాలువలో పడవలను కంచరగాడిదలు గట్టుమీద నడుస్తూ త్రాళ్లతో లాగేవి. పెద్దచక్రాన్ని చూచి అవి బెదరడం, తోలేవారు అతనిపై ఆగ్రహించడం పరిపాటి అయింది. వారి కోపంలో న్యాయం లేకపోలేదు. గట్టు వారిది, పని వారిది. ఆగస్టు 4వ తేదీ మధ్యాహ్నం రెండు గంటలకు స్టీవెన్స్ బోస్టన్ నగరం చేరాడు. అట్లాంటిక్ సముద్రం ఎదుట ఉన్నది.

సుమారు 3,700 మైళ్ల దూరం. మొత్తం 103న్నర దినాలు. ఆగిన ఇరవై దినాలు తీసివేస్తే ప్రయాణం చేసినవి 83న్నర. దినానికి సగటున నలభైనాలుగు మైళ్లు పడింది. ఇందులో మూడవవంతుకు పైగా, అనగా 1,200 మైళ్లకు మించి, నడక. అంత దూరం బండి అతన్ని మోయలేదు. అతడే బండిని మోశాడు. కనుక ఇది సైకిలు యాత్ర అవుతుందా అని శంకించేవారు ఉండవచ్చు. వారికి ఒక సంగతి జ్ఞాపకం చేయాలి. రోడ్డు ఉన్నచోట సైకిలు తొక్కడం యంత్రాన్ని పరీక్షించడం. రోడ్డు లేనిచోటికి సైకిలును తీసుకొనిపోవడం, ఆ దేశంలో రోడ్డు ఎక్కడ లేదో మైలు మైలుకు గుర్తించి చెప్పడం. స్టీవెన్స్ వ్రాతలను చదివిన అమెరికనులకు తమ దేశంలో పట్టణానికీ పట్టణానికీ నడుమ మంచి బాట లేదన్న నిజం కళ్లకు కట్టింది. కొద్దికాలానికే, సైకిలు సంఘాలవారు మంచి రోడ్ల కోసం అక్కడ పెద్ద ఆందోళన నడిపారు. మోటారుకార్లు రాకపూర్వం రోడ్లు కావాలని అడిగినవారు సైకిలు తొక్కేవారే. 1976లో ఆ దేశపు స్వాతంత్ర్య ద్విశతాబ్ది సందర్భాన సుమారు నాలుగువేలమంది జట్లుజట్లుగా సైకిళ్ల యాత్రలో పాల్గొన్నారు. వారిలో అనేకులు పసిఫిక్ తీరాన ఆరెగాన్ నుండి అట్లాంటిక్ తీరాన వర్జీనియా వరకు పూర్తిగా సాగారు. వారి చక్రాల క్రింద దారి పొడవునా రోడ్డు ఉన్నది.

ఆ శీతకాలం స్టీవెన్స్ న్యూయార్కులో గడిపాడు. తన అనుభవాలను ఔటింగ్ అనే పత్రికకు వ్రాస్తూ వచ్చాడు. గనికూలీ చేతిలో కలం చక్కగా నడిచింది. పత్రికవారు అతనిని తమ ప్రత్యేక విలేఖరిగా నియమించి, భూమి చుట్టిరమ్మని పంపించారు. కొలంబియా సైకిళ్లను తయారుచేసే ఆల్బర్టు పోప్ కంపెనీ కూడ కొత్త బండి ఒకటి ఇచ్చింది. వ్యాపారికి ప్రకటన కావాలి, పత్రికకు కథ కావాలి, స్టీవెన్స్‌కు దారి కావాలి. మువ్వురి అవసరాలూ కలిసివచ్చాయి.

1885 ఏప్రిల్‌లో ఓడ ఎక్కి లివర్‌పూల్ చేరి, మే నెల మొదట అక్కడినుండి బయలుదేరాడు. ఈసారి చూడవచ్చిన జనం వందలమంది. స్థానిక సైకిలు సంఘాలవారు కొంతదూరం వెంట వచ్చి సాగనంపారు. తెల్లని సైనిక టోపీ పెట్టుకొని, పుట్టిన ఊరు బెర్కమ్‌స్టెడ్ మీదుగా, ఇంగ్లండును వాయవ్యపు ఒడ్డునుండి దక్షిణపుటొడ్డుకు దాటాడు. ఆ రోడ్ల నునుపుకు అతడు మురిసిపోయాడు. ఆ సంవత్సరమే, ఆ దేశంలోనే, స్టార్లీ అనే అతడు రెండు చక్రాలూ ఇంచుమించు సమానంగా ఉండి గొలుసుతో నడిచే రోవర్ అనే కొత్తరకం సైకిలును లోకానికి చూపాడు. మనమందరం తొక్కేది దాని సంతతినే. ప్రపంచయాత్రకు స్టీవెన్స్ ఎక్కిన పెద్దచక్రానికి అప్పటికే కాలం తీరవచ్చిందన్నమాట.

ఐరోపాలో ఇతని ప్రయాణం ఒంటరిది కాదు. ఫ్రాన్సు, జర్మనీ, ఆస్ట్రియా దాటి హంగరీ చేరేసరికి అక్కడి సైకిలు ప్రియులు అతన్ని తమవానిగా ఆదరించారు. వారిలో స్వెటోజార్ ఇగాలి అనే హంగరీ దేశస్థుడు తన సైకిలెక్కి వెంట వచ్చి, స్లవోనియా మీదుగా చాలదూరం తోడు నిలిచాడు. ఇద్దరికీ ఉమ్మడి భాష దాదాపు లేదు. ఒకడు ఆగితే రెండవవాడు ఆగుతాడు; ఒకడు పడితే రెండవవాడు లేవదీస్తాడు. సైకిలు మీద జట్టుగా పోయేవారికి అంతకుమించిన సంభాషణ అనేక పర్యాయాలు అక్కరలేదు. యాత్ర యావత్తులో స్టీవెన్స్ మనసు తేలికపడిన రోజులు అవేనని అతని వ్రాతలు చదివినవారికి అనిపిస్తుంది.

సెర్బియా, బల్గేరియాలు గడచి కాన్‌స్టాంటినోపిల్‌లో కొంత విశ్రమించి ఆసియాలో అడుగుపెట్టాడు. టర్కీ పల్లెలలో ఎక్కడ ఆగినా ఊరంతా చుట్టుముట్టి తొక్కి చూపమనేవారు. పగలంతా అలసి వచ్చినవాడు సాయంకాలం మళ్లీ ఊరిజనానికి ప్రదర్శన ఇవ్వవలసి వచ్చేది. రొట్టె, పెరుగు పెట్టి చోటు చూపినవారూ వారే. సెప్టెంబరు చివర టెహరాన్ చేరి చలికాలమంతా అక్కడ ఉన్నాడు. పారసీక రాజు నాసిరుద్దీన్ షా కూడ ఆ పల్లెప్రజల వలెనే కుతూహలపడి, సైకిలు నడిపించి చూచాడు. సైబీరియా మార్గానికి రష్యా ప్రభుత్వం అనుమతి నిరాకరించింది. 1886 మార్చి 10వ తేదీన టెహరాన్ వదలి ఆఫ్గనిస్తాన్‌లో ప్రవేశించగా, అక్కడి అధికారులు పట్టుకొని, హెరాత్ మీదుగా తిరిగి పారసీకపు సరిహద్దుకు చేర్చారు. రష్యా, బ్రిటన్ రెండూ కన్నువేసిన దేశం అది. సైకిలు మీద వచ్చిన పరదేశిని వేగులవాడని అనుకోవడం సహజమే. అతడు వందలాది మైళ్లు వెనకకు పోయి, కాస్పియన్ సముద్రం, బాకూ, నల్లసముద్రం చుట్టుకొని, ఓడలలో కరాచీకి వచ్చాడు.

అక్కడినుండి రైలులో లాహోరు చేరి, లాహోరునుండి కలకత్తా వరకు గ్రాండ్ ట్రంకు రోడ్డు మీద సైకిలు నడిపాడు. అమృతసరం, ఢిల్లీ, ఆగ్రా, కాన్పూరు, అలహాబాదు, కాశీ ఆ దారిలోనివి. ఎండ, ఉక్క దుర్భరంగా ఉన్నా రోడ్డు మాత్రం మేలైనదని అతడు మెచ్చుకొన్నాడు. పదహారవ శతాబ్దంలో షేర్షా వేయించి, పిమ్మట బ్రిటిషువారు బాగుచేసిన బాట అది. ఇరువైపులా చెట్లు, అక్కడక్కడ బావులు. అమెరికాలో బండిని నెట్టుకొని నడచినవాడు ఇక్కడ దినాలతరబడి దిగకుండా తొక్కగలిగాడు. నవనాగరికత ఎక్కడ ఉన్నది, రోడ్డు ఎక్కడ ఉన్నది అని అతడు పోల్చిచూచుకొని ఉంటే చదువరులకు ఒక మంచి అధ్యాయం దక్కేది.

ఇక చైనా. 1886 శరత్కాలంలో కాంటన్ నుండి ఉత్తరంగా యాంగ్‌ట్సీ నదివైపు సాగినప్పుడు అతడు పడిన పాట్లు మరి ఏ దేశంలోనూ పడలేదు. ఫ్రాన్సుతో చైనాకు యుద్ధం ముగిసి రెండేండ్లు కాలేదు. పరదేశి అంటే జనానికి కసి. ఒక పట్టణంలో మూక రాళ్లు రువ్వుతూ వెంటపడింది. అక్కడి అధికారి తన కచేరీలో దాచి, కావలివారిని తోడిచ్చి పంపించబట్టి బ్రతికి బయటపడ్డాడు. స్టీవెన్స్ గ్రంథం చదివేవారికి ఆ మూక పట్ల ఏహ్యభావం కలగడం సహజం. కాని దీనికి ప్రక్కన ఇంకొక సంగతిని పెట్టి చూడాలి. 1884లో స్టీవెన్స్ పోయిన రైలుదారి మీదనే వయోమింగులో రాక్ స్ప్రింగ్స్ అనే బొగ్గుగనుల ఊరు ఉన్నది. 1885 సెప్టెంబరు 2వ తేదీన అక్కడి తెల్లజాతి గనికార్మికులు చైనా కార్మికులపై పడి కనీసం ఇరవై ఎనిమిదిమందిని చంపారు. వారి ఇండ్లు తగులబెట్టారు. ఆ చైనావారిని ఏ అధికారీ తన కచేరీలో దాచలేదు. సియెరా కొండల మీద స్టీవెన్స్‌కు దారి అయిన పట్టాలు వేసినది వారి దేశస్థులే.

ఈ విషయంలో స్టీవెన్స్‌ను అతని కాలం నుండి విడదీయలేము. అమెరికా ఆదివాసులను, టర్కులను, చైనావారిని అతడు వర్ణించే తీరులో ఆనాటి తెల్లజాతివారి అహంకారం తరచు కనిపిస్తుంది; కొన్ని పుటలు ఈనాడు చదవడానికే కష్టంగా ఉంటాయి. అదే గ్రంథంలో, తనకు రొట్టె పెట్టిన గొల్లవాని పేదరికాన్ని, దారి చూపిన వాని ఓర్పును కూడ వ్రాశాడు. ఒకే చేయి ఈ రెండూ వ్రాసింది. విద్యార్థులకు ఆ గ్రంథాన్ని పరిచయం చేసే ఉపాధ్యాయులు రెండవదానిని మాత్రమే ఏరి చూపకుండా, మొదటిదానినీ చూపడం మంచిది.

చైనానుండి ఓడలో నాగసాకి చేరి, జపాను దేశాన్ని ఆ కొసనుండి యోకోహామా వరకు సుఖంగా తొక్కాడు. 1886 డిసెంబరు 17వ తేదీన యోకోహామాలో ప్రపంచయాత్ర ముగిసింది. శాన్‌ఫ్రాన్సిస్కోనుండి లెక్కవేస్తే సైకిలుతో సాగిన దూరం సుమారు 13,500 మైళ్లు. మరుసటి జనవరిలో ఓడ అతన్ని బయలుదేరిన రేవుకే చేర్చింది. యాత్రాగ్రంథం రెండు సంపుటాలుగా 1887, 1888 సంవత్సరాలలో వెలువడింది.

తరువాతి జీవితాన్ని గురించి విశేషంగా చెప్పవలసినది తక్కువ. 1889లో న్యూయార్కు వరల్డ్ పత్రిక అతన్ని తూర్పు ఆఫ్రికాకు, స్టాన్లీ అనే అన్వేషకుని జాడ తెలుసుకొనేందుకు పంపింది. పిమ్మట రష్యాలో మాస్కోనుండి నల్లసముద్రం వైపు గుఱ్ఱం మీద పోయి, దానిపైన కూడ ఒక పుస్తకం వ్రాశాడు. ఏ పుస్తకమూ మొదటిదాని ఖ్యాతిని అందుకోలేదు. 1895లో ఇంగ్లండుకు తిరిగి వచ్చి, ఫ్రాన్సెస్ బార్న్స్ అనే వితంతువును వివాహమాడాడు. ఆమె కుమార్తెలు వయొలెట్, ఐరీన్ వాన్‌బ్రూ ఆనాటి లండన్ రంగస్థలం మీద ప్రసిద్ధి చెందిన నటీమణులు. ఆ బంధుత్వంవల్లనే కాబోలు, స్టీవెన్స్ గారిక్ నాటకశాలకు వ్యవహారకర్త అయినాడు. టిక్కెట్ల లెక్కలు, జీతాల పద్దులు చూచుకొంటూ, ఖండాలు దాటిన మనిషి ఒకే నగరంలో స్థిరపడిపోయాడు.

1935 జనవరి 24వ తేదీన, ఎనభై ఏండ్ల వయసులో అతడు మరణించాడు. అప్పటికి లండన్ వీధులలో పెన్నీఫార్దింగు కనబడితే పిల్లలు నవ్వే కాలం వచ్చింది. అతని సైకిలును పోప్ కంపెనీవారు చాలాకాలం భద్రపరచి ఉంచారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో ఆయుధాల కోసం పాత ఇనుము సేకరిస్తున్నప్పుడు దానిని కూడ ఆ పోగులో వేసి కరగించడానికి ఇచ్చివేశారు.